అద్దె ఒప్పందం, జీతాల రిజిస్టరు, అమ్మిన స్థలం: మారిన పన్ను, కార్మిక చట్టాలపై ఒక సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. విజయవాడ గవర్నర్‌పేటలో మీ పేరు మీద భవనం ఉంది. కింది అంతస్తు 2023 జూన్ నుంచి ఒక టిఫిన్ హోటల్‌కు నెలకు 62,000 రూపాయలకు, మొదటి అంతస్తు అప్పటి నుంచే ఒక కోచింగ్ సెంటర్‌కు 38,000 రూపాయలకు అద్దెకు ఇచ్చారు. ఆటోనగర్‌లో మీ సొంత పేరు మీద 23 మంది పనివాళ్లతో ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నారు. అద్దె మీద జీఎస్టీ ఇప్పుడు తానే కట్టాలి కాబట్టి ఆ మేరకు అద్దె తగ్గించమని హోటల్ యజమాని అడుగుతున్నారు. కొత్త లేబర్ కోడ్‌ల వల్ల బేసిక్‌ను (మూల వేతనాన్ని) మొత్తం జీతంలో సగానికి పెంచాలని మీ అకౌంటెంటు అంటున్నారు. 2026 జనవరి 20న మీ అమ్మగారు అమ్మిన స్థలం మీద పన్ను ఎంతో కూడా తెలియాలి. ఇరవై ఆరేళ్లుగా పన్నుల ప్రాక్టీసులో ఉన్నవాడిగా, మీరు అడిగినవాటితో పాటు మీరు అడగని ఒక ముఖ్యమైన విషయం కూడా చెప్పాలి. ముందు దానితోనే మొదలుపెడతాను.

హోటల్ యజమాని చెబుతున్న నిబంధన నిజమైనదే. 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని యజమాని తన వాణిజ్య భవనాన్ని రిజిస్ట్రేషన్ ఉన్న అద్దెదారుకు ఇస్తే, ఆ అద్దె మీద 18 శాతం పన్నును అద్దెదారే రివర్స్ ఛార్జ్ పద్ధతిలో నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. కాంపోజిషన్ పథకంలో (టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్న చిన్న వ్యాపారులకు ఇది భారమవుతోందని గుర్తించి, 2025 జనవరి 16 నుంచి వారిని ఈ నిబంధన నుంచి తప్పించారు. అయితే ఆ నిబంధన మొత్తం 'రిజిస్ట్రేషన్ లేని యజమాని' అన్న మాట మీద నిలబడి ఉంది. మీ ప్రెస్ మీ సొంత పేరు మీద నడుస్తోంది, దానికి 2017 నుంచి జీఎస్టీ నంబరు ఉందని మీరే రాశారు. జీఎస్టీలో రిజిస్ట్రేషన్ పాన్ నంబరును అనుసరించి ఉంటుంది కాని, ప్రెస్‌కు ఒకటి, భవనానికి ఒకటి అని విడివిడిగా ఉండదు. అంటే ఆ భవనాన్ని అద్దెకు ఇస్తున్న వ్యక్తి కూడా రిజిస్టర్ అయిన వ్యక్తే. కాబట్టి మీకు రివర్స్ ఛార్జ్ వర్తించదు. 2024 అక్టోబరు మార్పుతో సంబంధం లేకుండా, మొదటి నెల నుంచే మీరు ఇద్దరు అద్దెదారులకూ ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇచ్చి, 18 శాతం వసూలు చేసి, ప్రెస్ రిటర్నులోనే చూపించి కట్టి ఉండాలి.

ఏడాది అద్దె 20 లక్షలు దాటలేదు కదా అన్న సందేహం మీకు వస్తుంది. సేవలకు ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 20 లక్షలే. కాని అది రిజిస్ట్రేషన్ తీసుకోవాలా వద్దా అని తేల్చడానికి పెట్టిన పరిమితి. ఒకసారి నంబరు తీసుకున్నాక, ఆ వ్యక్తి చేసే పన్ను వర్తించే ప్రతి సరఫరా మీదా పన్ను ఉంటుంది. ప్రెస్ మీ తమ్ముడితో కలిసి భాగస్వామ్య సంస్థగా ఉండి ఉంటే, ఆ సంస్థ వేరే వ్యక్తి కాబట్టి మీ భవనం రివర్స్ ఛార్జ్ కిందికే వచ్చేది. ఒకే ఇంట్లోని మనుషులు, ఒకే భవనం, అదే అద్దె, అయినా కాగితం మీద ఎవరు ఏ హోదాలో ఉన్నారన్నదాన్ని బట్టి పన్ను కట్టాల్సిన మనిషి మారిపోతాడు.

ఇప్పుడు ఏం చేయాలి? మీ అద్దె ఒప్పందాలు తీసి, పన్నుల గురించి ఏం రాసి ఉందో చూడండి. 'వర్తించే పన్నులు అద్దెకు అదనం' అని ఉంటే, హోటల్ నుంచి 62,000 మీద 11,160 రూపాయలు అడగడానికి మీకు ఒప్పందమే ఆధారం. ఒప్పందం మౌనంగా ఉంటే, మీరు తీసుకున్న అద్దెలోనే పన్ను కలిసి ఉన్నట్టు లెక్కకట్టడానికి జీఎస్టీ నియమాల్లోని 35వ నియమం వీలు కల్పిస్తుంది. రెండు అద్దెలు కలిపి నెలకు లక్ష రూపాయలైతే, అందులో పన్ను భాగం 15,254 రూపాయలు. 2023 జూన్ నుంచి 2026 మే వరకు 36 నెలలకు సుమారు 5.49 లక్షలు, దానిమీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ సుమారు లక్షన్నర అవుతుంది. ఇది చిన్న మొత్తం కాదని, చదవగానే మనసు కుంగుతుందని నాకు తెలుసు. అయినా నోటీసు రాకముందే స్వచ్ఛందంగా డీఆర్‌సీ-03 అనే జీఎస్టీ ఫారం ద్వారా పన్ను, వడ్డీ కట్టేస్తే, ఉద్దేశపూర్వక ఎగవేత లేని కేసుల్లో పెనాల్టీ ఉండదు. నోటీసు వచ్చాక ఆ వెసులుబాటు కుంచించుకుపోతుంది. మీ అద్దె ఆదాయం ఆదాయపు పన్ను రిటర్నులో ఉంది, హోటల్ అద్దెలోంచి ముందే కోసి కట్టిన పన్ను (టీడీఎస్) మీ పేరు మీది పన్ను పట్టిక 26ఏఎస్‌లో ఉంది, జీఎస్టీ రిటర్నులో మాత్రం లేదు. ఈ తేడా అధికారుల కంట పడటానికి ప్రత్యేక తనిఖీ అవసరం లేదు.

అద్దెదారులతో మాట్లాడేటప్పుడు ఇద్దరినీ ఒకే గాటన కట్టవద్దు. కోచింగ్ సెంటర్ తన ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నట్లయితే, మీ ఇన్‌వాయిస్ మీది పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటుంది, అంటే తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటుంది కాబట్టి దానికి నిజంగా పడే భారం లేదు. 2025-26కు సంబంధించిన ఇన్‌వాయిస్‌లపై ఆ క్రెడిట్‌ను 2026 నవంబరు 30 వరకు తీసుకోవచ్చు. అందువల్ల ఆ ఏడాది నెలలకు వెంటనే ఇన్‌వాయిస్‌లు ఇచ్చి పన్ను మొత్తం అడగండి, ఆలస్యం చేస్తే వారికి క్రెడిట్ పోతుంది, మీకు వసూలు చేసుకునే నైతిక బలం పోతుంది. హోటల్ పరిస్థితి వేరు. హోటళ్లు కట్టే 5 శాతం పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కాబట్టి అద్దె మీది 18 శాతం వారికి అచ్చంగా ఖర్చే. ఆయన బాధలో న్యాయం ఉంది. నా సలహా ఏమిటంటే, పాత నెలల భారం మీరు మోయండి, రాబోయే నెలలకు అద్దె కొంత సర్దుబాటు చేసి కొత్త ఒప్పందం రాసుకోండి. ఆ ఒప్పందంలో అద్దె ఎంత, దానిమీద జీఎస్టీ ఎంత అన్నది వేరువేరు వాక్యాల్లో ఉండాలి. మంచి అద్దెదారును పోగొట్టుకుని మూడు నెలలు షట్టర్ మూసుకుని కూర్చోవడం కన్నా ఇది చౌక.

భవనాన్ని అమ్మగారి పేరుకు గిఫ్ట్ డీడ్ రాసేస్తే ఈ బాధ పోతుందని ఎవరో ఒకరు మీకు చెబుతారు. అప్పుడు కూడా హోటల్ రివర్స్ ఛార్జ్ కింద అదే 18 శాతం కట్టాలి. పన్ను కట్టే చెయ్యి మారుతుందే తప్ప పన్ను తగ్గదు. రిజిస్ట్రేషన్ ఖర్చులు, రేపు వారసత్వంలో వచ్చే చిక్కులు అదనం. కేవలం దీనికోసం ఆ పని చేయవద్దు.

టీడీఎస్ సంగతి తేలికైనది. 2025 మార్చి 31 వరకు అద్దె ఏడాదికి 2.4 లక్షలు దాటితే కోత ఉండేది. ఇప్పుడు నెలకు 50,000 దాటితేనే. అందుకే కోచింగ్ సెంటర్ కోత ఆపేసింది, హోటల్ 10 శాతం చొప్పున కొనసాగిస్తోంది. జీఎస్టీని ఇన్‌వాయిస్‌లో విడిగా చూపిస్తే దానిమీద టీడీఎస్ కోయనక్కరలేదు. అంటే ఇకపై హోటల్ నుంచి మీ ఖాతాకు 62,000, దానికి 11,160 కలిపి, 6,200 తీసేసి 66,960 రూపాయలు రావాలి. కోచింగ్ సెంటర్ కోత ఆపినంత మాత్రాన ఆ అద్దె మీద పన్ను పోలేదు. ముందే కట్టే భాగం తగ్గింది కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ మీరే చూసుకోవాలి. ఇక 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి, 'అసెస్‌మెంట్ ఇయర్' పోయి 'ట్యాక్స్ ఇయర్' వచ్చింది. మున్సిపల్ పన్ను నిజంగా కట్టిన ఏడాదే తగ్గించుకోవడం, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు వంటి మూల సూత్రాలు అలాగే ఉన్నాయి. 2025-26 ఆదాయానికి రిటర్ను మాత్రం పాత చట్టం ప్రకారమే.

ఇక ప్రెస్ దగ్గరికి వస్తాను. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే నష్టపోయేది మీరొక్కరే కాదు. 29 కార్మిక చట్టాలను కలిపి రూపొందించిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. 'బేసిక్ 50 శాతం ఉండాలి' అన్న మాట అప్పటి నుంచి ప్రతి నోటా వినిపిస్తోంది. చట్టంలో ఆ వాక్యం లేదు. చట్టం చెప్పేది ఇంకో రకంగా ఉంది: ఉద్యోగికి డబ్బు రూపంలో ఇచ్చే ప్రతిఫలం అంతా, అలవెన్సులతో సహా, వేతనమే. దాని నుంచి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), రవాణా భత్యం, ఓవర్‌టైమ్, కమిషన్, బోనస్, యజమాని పీఎఫ్ వాటా, ఉద్యోగ స్వభావం వల్ల అయ్యే ప్రత్యేక ఖర్చులకు ఇచ్చే మొత్తం వంటి కొన్నింటిని మినహాయించారు. ఆ మినహాయింపులు మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి.

మీరు పంపిన మెషిన్‌మన్ జీతం వివరాలనే తీసుకుందాం. మొత్తం 18,000 రూపాయలు. అందులో బేసిక్ 7,000, హెచ్‌ఆర్‌ఏ 4,000, రవాణా భత్యం 2,000, స్పెషల్ అలవెన్స్ 5,000. మీ అకౌంటెంటు బేసిక్‌ను 9,000 చేస్తే సరిపోతుందని అంటున్నారు. కాని స్పెషల్ అలవెన్స్ మినహాయింపుల జాబితాలో లేదు. అది ఏ ప్రత్యేక ఖర్చుకూ ఇస్తున్నది కాదు, అందరికీ నెలనెలా ఇస్తున్న జీతమే. కాబట్టి ఇతని వేతనం 7,000కు 5,000 కలిపి 12,000. మినహాయింపులు 6,000 మాత్రమే, సగం దాటలేదు. పీఎఫ్ 12 శాతం చొప్పున నెలకు 840 బదులు 1,440 అవుతుంది. 23 మందికీ ఇదే పద్ధతి ఉంటే మీ వాటా కింద నెలకు 13,800 రూపాయలు పెరుగుతుంది, వారి చేతికి వచ్చే డబ్బు కూడా తలకు 600 తగ్గుతుంది. కేంద్ర కార్మిక శాఖ చేతికొచ్చే జీతం తగ్గదని వివరణ ఇచ్చింది కదా అని మీరు అడగవచ్చు. ఆ వివరణ 15,000 రూపాయల చట్టబద్ధ పరిమితి మీద ఇప్పటికే పీఎఫ్ కట్టేవారి గురించి. మీ వాళ్లు ఆ పరిమితికి దిగువనే ఉన్నారు. నిజానికి అందరికీ ఒకే రకంగా ఇచ్చే స్పెషల్ అలవెన్స్ మీద పీఎఫ్ కట్టాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28నే తీర్పు ఇచ్చింది. కాబట్టి 7,000 మీద కట్టడం అప్పటి నుంచే ప్రమాదకరం.

స్పెషల్ అలవెన్స్ పేరు మార్చి హెచ్‌ఆర్‌ఏలో కలిపేస్తే వేతనం 9,000కు దిగుతుందన్న ఆలోచన కూడా మీకు వచ్చే ఉంటుంది. దయచేసి ఆ దారి పట్టవద్దు. పీఎఫ్ చందా భారం తగ్గించుకోవడానికి జీతాన్ని తగ్గించరాదని పాత పీఎఫ్ చట్టంలోని 12వ సెక్షన్ చెప్పింది, కొత్త కోడ్‌లోనూ ఆ రక్షణ ఉంది. పైగా కనీస వేతనాల చట్టం ఉన్నప్పుడు హెచ్‌ఆర్‌ఏను కూడా కలిపి కనీస వేతనంతో పోల్చేవాళ్లం. కొత్త నిర్వచనంలో హెచ్‌ఆర్‌ఏ వేతనం కాదు. జీతంలో హెచ్‌ఆర్‌ఏ వాటా పెంచే కొద్దీ ఆ పోలికలో మీరు బలహీనపడతారు.

గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) లెక్క దీనికన్నా పెద్దది, చాలామంది చిన్న యజమానులు దీన్ని చూడనే లేదు. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్లతోనూ గుణిస్తాం. 12 ఏళ్లు పనిచేసిన మీ మెషిన్‌మన్‌కు 7,000 మీద 48,462 రూపాయలు వచ్చేది, 12,000 మీద 83,077 అవుతుంది. వేతనం నిర్వచనం మారింది నిన్న మొన్నే అయినా, చివరి వేతనం గడిచిన 12 ఏళ్లకూ వర్తిస్తుంది. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు 2025 డిసెంబరు త్రైమాసికంలో దీనికోసం వందల కోట్లు పక్కన పెట్టాయి. పదేళ్లు దాటినవాళ్లు మీ దగ్గర ఎంతమంది ఉన్నారో చూసి, ఎల్‌ఐసీ వంటి సంస్థ గ్రూప్ గ్రాట్యుటీ పథకంలో ఏడాదికి కొంత జమచేయడం మొదలుపెట్టండి. నా క్లయింట్లలో ఒకరు ఒకే ఏడాది ముగ్గురు పాత పనివాళ్లు మానేసినప్పుడు యంత్రం కొనడానికి దాచిన డబ్బంతా తీసి ఇవ్వవలసి వచ్చింది. ఇచ్చినందుకు ఆయన బాధపడలేదు, ముందే తెలియనందుకు బాధపడ్డారు. నిర్ణీత కాలపు ఒప్పందంతో తీసుకున్నవారికి ఇప్పుడు ఐదేళ్లు ఆగనక్కరలేదు, ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది.

మనిషి మానేసినా, తీసేసినా, అతని వేతన బకాయి రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. వచ్చే నెల జీతాలతో పాటు ఇస్తామనే మన అలవాటు ఇక చెల్లదు. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఉండాలి. పాతవారికి కోడ్ అమల్లోకి వచ్చిన మూడు నెలల్లో ఇవ్వవలసి ఉంది, ఇవ్వకపోతే ఈ వారమే ఇవ్వండి. విద్యుత్తుతో నడిచే ఫ్యాక్టరీకి పరిమితి 10 నుంచి 20 మందికి పెరిగింది. 23 మందితో మీరు ఇప్పటికీ ఫ్యాక్టరీయే. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఇవ్వాలి కాబట్టి, డైరీలు, క్యాలెండర్ల సీజనులో అదనపు గంటల లెక్క 7,000 మీద వేస్తే తప్పవుతుంది.

పన్నుకూ కార్మిక చట్టానికీ ముడి పడే చోటు ఒకటుంది. ఉద్యోగుల జీతం నుంచి కోసిన పీఎఫ్ వాటాను మరుసటి నెల 15వ తేదీ దాటి జమచేస్తే, ఆ మొత్తం ఖర్చుగా చెల్లదని, మీ ఆదాయంలో కలుస్తుందని 2022 అక్టోబరు 12న సుప్రీంకోర్టు తేల్చింది. 2025-26 లెక్కల్లో అలా ఆలస్యమైన నెలలు ఉన్నాయేమో చలాన్ల తేదీలతో సహా సరిచూడండి. మీరు అడగకపోయినా ఇంకొక మాట చెబుతాను. ప్రెస్‌కు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉంటే, ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో మీకు డబ్బు చెల్లించని కంపెనీలకు ఆ ఏడాది ఆ ఖర్చు పన్నులో చెల్లదు. మార్చిలో బకాయిల కోసం ఫోన్ చేసేటప్పుడు ఉద్యమ్ నంబరును బిల్లు మీద వేసి పంపండి.

అమ్మగారి స్థలం. 2004-05లో 10 లక్షలకు కొని, 60 లక్షలకు అమ్మారు. 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు ఇండెక్సేషన్ (ధరల సూచీ ప్రకారం కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతమే పన్ను. అయితే ఆ తేదీకి ముందు కొన్న భూములు, భవనాల విషయంలో, ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్కలో పన్ను తక్కువైతే అంతే కట్టే వీలును దేశంలో నివసించే వ్యక్తులకు ఇచ్చారు. కొత్త లెక్కలో 50 లక్షల మీద 6.25 లక్షలు. పాత లెక్కలో 2004-05 సూచీ 113, 2025-26 సూచీ 376 కాబట్టి, కొన్న ధర 33.27 లక్షలవుతుంది. మిగిలిన 26.73 లక్షల మీద 20 శాతం అంటే 5.35 లక్షలు. సెస్సును, ప్రాథమిక మినహాయింపును పక్కన పెడితే 90 వేలు తక్కువ. ఆ ఏడాది కొన్న స్థలాలకు, అమ్మిన ధర కొన్న ధరకు 7.2 రెట్లు దాటితే కొత్త లెక్కే మేలవుతుంది. అదే స్థలం అమెరికాలో ఉన్న కొడుకు పేరు మీద ఉండి ఉంటే ఈ ఎంపికే ఉండదు, కొన్నవారు కోసే టీడీఎస్ కూడా 1 శాతంతో ఆగదు. పిల్లల పేరు మీద స్థలాలు కొనే తల్లిదండ్రులు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను. కొన్నాయన కోసిన 60,000 రూపాయలు అమ్మగారి 26ఏఎస్‌లో కనిపిస్తున్నాయో లేదో చూసి, రిటర్నులో తీసుకోండి.

ఈ లాభం మీద పన్ను లేకుండా చేసుకోవడానికి చట్టం అనుమతించిన బాండ్లు కొనాలంటే అమ్మిన తేదీ నుంచి ఆరు నెలలు, అంటే జూలై 20 లోపు కొనాలి. వాటి మీద వడ్డీ 5.25 శాతం, దానికీ పన్ను ఉంది, ఐదేళ్లు డబ్బు కదలదు. మొత్తం లాభం 50 లక్షలూ బాండ్లలో పెడితే ఆదా అయ్యే పన్ను 5.35 లక్షలు. అంటే ఏడాదికి సుమారు 2 శాతం అదనంగా వచ్చినట్టు. బ్యాంకు డిపాజిట్‌తో పోలిస్తే తేడా పెద్దగా లేదు. అమ్మగారి వైద్యానికి ఈ ఐదేళ్లలో ఆ డబ్బు అవసరం రావచ్చని మీరు రాశారు. ఆ పరిస్థితిలో పన్ను కట్టేసి, మిగిలిన 54 లక్షల పైచిలుకును ఆమె చేతికి అందేలా ఉంచమని చెబుతాను.